చౌకకాలపు కఱవు: పెనుకొండ, హిందూపురము, ధర్మవరములందు 1929–39 నాటి ఆర్థికమాంద్యము

దత్తమండలములవారికి కఱవు క్రొత్తది కాదు. ధాతనామ సంవత్సరమున, అనగా 1876–77 లో, వచ్చిన మహాక్షామమును ‘ధాతకఱవు’ అని ఆ సీమలోని వృద్ధులు తరతరములుగా చెప్పుకొనుచు వచ్చిరి. అట్టి కఱవు లక్షణములు అందఱెఱిగినవే. వాన కురియదు, చెఱువు నిండదు, పంట చేతికి రాదు, గింజ ధర నానాటికి పెరిగిపోవును. 1929 తరువాత వచ్చిన ఇడుమ దీనికి సరిగా తలక్రిందైనది. గాదెలో గింజ కలదు. అంగడిలో ధర చౌక. ఐనను కొనువాని చేత రూక లేదు. అమ్మువానికి ఎంత అమ్మినను శిస్తు తీఱదు, వడ్డీ తీఱదు.

ఈ భేదము మాటల భేదము మాత్రమే కాదు. 1880 నాటి క్షామవిచారణసంఘము నివేదిక ననుసరించి ప్రభుత్వమువారు 1883 లో క్షామనిబంధనలను ఏర్పఱచిరి. వానలు తప్పుట, ధాన్యపు ధరలు హెచ్చుట, జనము ఊళ్లు విడిచి తిరుగుట మొదలగు గుఱుతులు కనబడిన వెంటనే అధికారులు మేల్కొనవలెనని అందలి ఏర్పాటు. ధరలు పడిపోవుటను ఆపదగా గుర్తించుటకు వానిలో స్థానమే లేకుండెను. అందుచే చౌకకాలమున వచ్చిన కఱవు చాలకాలము అధికారుల కంటికి కఱవుగా తోపలేదు. అది తోచిన పిదప చేయబడిన శాసనము ఎవరిని చూచెను, ఎవరిని చూడలేదు అనునదే ఇచట విచారణీయమైన అంశము.

ఈ విచారణకు పెనుకొండ, హిందూపురము, ధర్మవరము అను మూడు పట్టణములు మిక్కిలి తగినవి. ఆనాడు ఇవి చెన్నపురి రాజధానిలోని అనంతపురము మండలమునకు చేరియుండెను. 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో నున్నవి. ధర్మవరమునుండి బెంగుళూరునకు పోవు రైలుదారి పెనుకొండ, హిందూపురముల మీదుగానే పోవును. దూరము కొద్దియే ఐనను బ్రదుకుతెరువులు వేఱు. పెనుకొండ సీమకు మెట్టపైరు, హిందూపురమునకు బెల్లపు వర్తకము, ధర్మవరమునకు పట్టునేత ఆధారములు. ఒకే విపత్తు మూడు వృత్తులపై పడినప్పుడు మూడు తెఱగుల ఫలించెను.

ధరల పతనము

1929 అక్టోబరులో న్యూయార్కు నగరపు వాటాల విపణి కూలిపోయెను. అంతకు ముందే ప్రపంచమున పంటసరకుల ధరలు సడలుచుండెను. ఆ పతనముతో అవి ఒక్కసారిగా జాఱెను. 1914 జూలై ధరలను 100 గా గ్రహించి లెక్కించిన కలకత్తా టోకుధరల సూచిక 1929 లో 141 గా నుండెను. 1931 లో 96 కును, 1933 లో 87 కును దిగెను. యుద్ధపూర్వపు ధరలకంటెను తక్కువయైన ధరలకు రైతు తన పంట నమ్మవలసివచ్చెనని దీని భావము.

పంట ధర తగ్గినంతమాత్రమున రైతు చెల్లింపవలసిన సొమ్ము తగ్గలేదు. 1800 లో నిజాము దత్తము చేసిన ఈ మండలములకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన తామస్ మన్రో ఇచట రైతువారీ పద్ధతిని పాదుకొలిపెను. ఆ పద్ధతిలో ప్రతి పట్టాదారును ప్రభుత్వమునకు నేరుగా రొక్కమున శిస్తు కట్టవలెను. శిస్తు భారము మిక్కుటమనియు నాలుగవపాలు తగ్గింపవలెననియు మన్రోయే 1807 లో సూచించెను. శిస్తు రొక్కముగా స్థిరపడియుండుటచే ధరలు పెరిగిన కాలమున రైతునకు లాభము. ధరలు పడిన కాలమున అదియే ఉరిత్రాడు. పది బస్తాలు అమ్మి శిస్తును వడ్డీని తీర్చుకొనువాడు, ధర సగమైనచో ఇరువది బస్తాలు అమ్మవలెను. మెట్టచేను ఆ ఇరువది బస్తాలను పండింపదు.

నాణెపు విధానము ఈ బాధకు తోడయ్యెను. 1927 నాటి చట్టము రూపాయి విలువను 18 పెన్సులుగా నిర్ణయించెను. ఆ మారకము హెచ్చనియు, దానివలన ఎగుమతిపంట పండించువానికి రూపాయలలో ముట్టు సొమ్ము తగ్గుననియు దేశీయ ఆర్థికవేత్తలు, వర్తకసంఘములవారు వాదించిరి. మాంద్యమున ఆ వాదము గ్రామగ్రామమునకు ప్రాకెను.

పెనుకొండ మెట్టరైతు

1565 నాటి తళ్లికోట యుద్ధమునకు పిమ్మట విజయనగర ప్రభువులకు రాజధానియైన పెనుకొండ, ఆంగ్లేయుల కాలమున రెవిన్యూ అధికారికి కేంద్రస్థానమయ్యెను. చుట్టును ఎఱ్ఱమట్టి చేలు, వాన అల్పము. అట్టి నేలలో పూర్వము కొఱ్ఱ, జొన్న, ఉలవ, ఆముదము ప్రధానములు. ఇరువదవ శతాబ్ది తొలిదశకములలో వేరుసెనగ ఆ చేలలో చొరబడెను. సీమవారు చెనిక్కాయయని పిలుచు ఈ పంట తక్కువ వానకు ఓర్చుకొనును. అంతకంటె ముఖ్యముగా రొక్కము తెచ్చును. చెన్నపురి రేవునుండి ఫ్రాన్సు, జర్మనీ దేశముల నూనెమిల్లులకు పోవు సరకులలో అది ముఖ్యమైన దయ్యెను. పెనుకొండ సీమలోని రైతు మార్సేల్సు పట్టణము పేరు విని యుండకపోవచ్చును. కాని అచటి నూనె ధరయే అతని కూతురి పెండ్లిని నిర్ణయించు స్థితి వచ్చెను.

1929 కిని 1934 కిని నడుమ వేరుసెనగ ధర సగమునకు మించి పడిపోయెను. కొఱ్ఱ పండించిన రైతు ధర లేనిచో దానిని పాతరలో పోసి తినగలడు. వేరుసెనగను ఏడాదిపొడుగున ఆహారముగా తినజాలడు. విత్తునకే అప్పు చేసినవానికి నిలువ చేయు వ్యవధియు లేదు. కావున రొక్కపు పంటవైపు ఎంత దూరము నడచెనో అంత లోతుగా రైతు ఈ ఊబిలో దిగబడెను.

అప్పుల తీరు ఇట్లుండెను. రైతు వ్రాసియిచ్చిన ప్రోనోటునకు మూడేండ్లు కాలపరిమితి. ఆ గడువు దాటకమునుపే ఋణదాత దావా వేయవలెను, లేదా వడ్డీని అసలులో కలిపి క్రొత్త పత్రము వ్రాయించుకొనవలెను. ధరలు బాగుగ నున్నప్పుడు ఇట్లు తిరుగవ్రాసిన పత్రములే, ధరలు పడిన పిమ్మట భూమి విలువను మించిపోయెను. అసలెంతయో వడ్డీ యెంతయో రైతునకే తెలియకుండెను. అప్పిచ్చినవారందఱును వర్తకులే యనుకొనుట పొరపాటు. దత్తమండలములలో మోతుబరి రైతులే తోడి రైతులకు విత్తులు, రొక్కము అప్పిచ్చుట వాడుక. ఒకే మనుష్యుడు ఊరిలో ఋణదాత, పట్టణమున ఋణగ్రస్తుడు. కావున ‘సావుకారు – రైతు’ అను రెండు పక్షముల చిత్రము ఈ సీమకు పూర్తిగా అన్వయింపదు.

1929–30 లో చెన్నపురి బ్యాంకువిచారణసంఘము రాజధానిలోని గ్రామఋణమును సుమారు 150 కోట్ల రూపాయలని అంచనా వేసెను. ప్రత్యేకోద్యోగియైన సత్యనాథన్ 1935 లో సమర్పించిన నివేదికలో అది 200 కోట్లను మించెను. క్రొత్త సొమ్ము అప్పుగా వచ్చుట ఆగిపోయిన కాలమున ఋణము ఇట్లు పెరుగుట వింతగా తోచును. వడ్డీ చెల్లకపోవుటయే ఆ వృద్ధికి ముఖ్యకారణము.

ఇంటిలోని బంగారము చివరి అండ. 1931 సెప్టెంబరు 21 న బ్రిటను బంగారుప్రమాణమును విడిచెను. రూపాయి స్టెర్లింగుతో ముడివడి యుండుటచే రూపాయలలో బంగారు ధర పెరిగెను. అదివఱకు బంగారమును దిగుమతి చేసికొన్న దేశమునుండి వందలకోట్ల రూపాయల పసిడి ఓడలకెక్కి పోయెను. ఇది ప్రజలకు లాభకరమైన బేరమని ప్రభుత్వపక్షమువారు, ఆపత్కాలపు అమ్మకమని దేశీయులు వాదించిరి. పల్లెలో ఆ వాదమునకు అర్థము ఒక్కటియే: శిస్తు కిస్తు వచ్చినప్పుడు కమ్మలు, కడియములు, కాసులపేరు కంసాలి త్రాసునకెక్కెను. స్త్రీధనము ప్రభుత్వపు బొక్కసమును, సావుకారి పెట్టెను నింపెను.

హిందూపురపు మండీ

మైసూరు సంస్థానపు సరిహద్దున నున్న హిందూపురమునకు బెల్లము, చింతపండు ప్రధానవ్యాపారములు. చెఱువుల క్రిందను, కపిలబావుల క్రిందను చెఱకు పండించు రైతు, గానుగ నాటుటకు ముందే మండీవర్తకునినుండి సొమ్ము తెచ్చుకొనును; బెల్లము ఆ మండీకే తోలవలెనని ఒడంబడిక. ధర పడినప్పుడు రైతునకు పడిన దెబ్బ వర్తకునికిని తగిలెను. సరకు వచ్చినను ఇచ్చిన సొమ్ము తిరిగి రాలేదు. దావా వేసి పొలము వేలము వేయించినను కొనువాడు లేడు. అందుచే వర్తకుడు తానే పొలము పాడుకొనవలసివచ్చెను. వ్యవసాయ మెఱుగనివాని చేతికి పొలమును, పొలము లేని రైతునకు కౌలును మిగిలెను.

1932 లో కేంద్రప్రభుత్వము చక్కెరపరిశ్రమకు సుంకపు రక్షణ నిచ్చెను. దేశమున మిల్లులు వేగముగా లేచెను. పొరుగున మైసూరు సంస్థానమున మండ్య చక్కెరమిల్లు 1933 లో నెలకొనెను. జావా చక్కెర ఆగిపోయి మిల్లుచక్కెరకు మేలు కలిగెను. మిల్లు చెంత నున్న రైతు చెఱకును మిల్లునకు తోలెను. మిల్లు లేని హిందూపురపు రైతు గానుగనే నమ్ముకొనెను. చెఱకుసాగు అంతట పెరుగగా బెల్లపు ధర కోలుకొనుట ఆలస్యమయ్యెను. ఒకే శాసనము సరిహద్దున కావలి రైతునకు రక్షణయై, ఈవలివానికి పోటీయై పరిణమించెను.

ఈ కాలమున సుఖపడినవారు లేకపోలేదు. మాసవేతనము గల ఉద్యోగులు, ఉపాధ్యాయులు, పింఛనుదారులు జీతములలో కోత పడినను చౌకధరలవలన కొంత లాభము పొందిరి. కూలి గింజలలో కొలిపించుకొను పాలేరునకు ధరతో పని లేదు. రొక్కపు కూలివానికి పని దొరికిననాడు రాగులు చౌక. అయితే కలుపును, గానుగపనిని రైతు తన యింటివారితోనే జరుపుకొన జొచ్చుటచే పనిదినములు తఱిగెను. చౌకయైన రాగి, పని లేనివానికి అందని రాగియే.

ధర్మవరపు మగ్గము

క్రియాశక్తి ఒడయరు చెఱువు కట్టించి తన తల్లియైన ధర్మాంబ పేర నిలిపెనని ప్రతీతిగల ధర్మవరము పట్టుచీరలకు ప్రసిద్ధి కెక్కినది. తొగట, పద్మశాలి మొదలగు నేతకులములవారికి మగ్గమే మాగాణి. మైసూరు సీమ పట్టు, జరీ తెప్పించి, నేతగానికి ఇచ్చి, మజూరి కట్టి చీరను తీసికొనువాడు ఆసామి. నేతగాడు ఆసామివద్ద ముందుగా సొమ్ము తీసికొనియుండుటచే, బాకీ తీఱువఱకు వేఱొక ఆసామికి నేయరాదు.

పట్టుచీర నిత్యావసరము కాదు. అది పెండ్లికి కొనునది. పెండ్లి జరుగవలెనన్న పంట అమ్ముడుపోవలెను. పెనుకొండ చేనిలో వేరుసెనగకు ధర లేనిచో హిందూపురపు మండీలో బాకీ తీఱదు. బాకీ తీఱనిచో పెండ్లి వాయిదా పడును, లేదా పట్టు మాని నూలుతో జరుగును. ఆ వాయిదా ధర్మవరపు మగ్గమును ఆపివేయును. ఈ మూడు పట్టణములను రైలుదారికంటె గట్టిగా కలిపినది ఈ గొలుసే.

విదేశపు పోటీ మఱియొక దెబ్బ. 1931 డిసెంబరులో జపాను బంగారుప్రమాణమును విడువగా ఎన్ను విలువ పడిపోయెను. జపాను, చీనా దేశముల పట్టును, కృత్రిమపు పట్టును మిక్కిలి చౌకగా దిగుమతి అయ్యెను. పట్టుపురుగుల పెంపకము పాడగుచున్నదని మైసూరువారు మొఱపెట్టగా సుంకవిచారణసంఘము 1933 లో విచారణ జరిపెను. 1934 లో రక్షణసుంకములు వచ్చెను. ఇచట నొక చిక్కు కలదు. ముడిపట్టుపై సుంకము పట్టు పండించువానికి మేలు. దానిని కొని నేయువానికి భారము. చౌకపట్టు వచ్చినప్పుడు చీర ధరయు పడి మజూరి తగ్గెను. సుంకము పడినప్పుడు పట్టు ధర హెచ్చి, ఆసామి ఆ హెచ్చును మజూరిలోనే రాబట్టుకొన జూచెను. రెండు విధములను నష్టము నేతగానిదే. 1935 లో చెన్నపురి రాష్ట్ర చేనేత సహకారసంఘము స్థాపింపబడెను. ఐనను ఆసామికి బాకీపడి కట్టుబడిన నేతగానికి సంఘసభ్యత్వము సులభముగా అందునది కాదు. పాత బాకీ తీఱక అతని మగ్గము స్వతంత్రము కాదు.

రాజకీయ పరిణామము

ధరలు పడిన కాలమునను శిస్తు వసూలు చేయు ప్రభుత్వముపై జనమునకు కలిగిన అసంతృప్తి, అప్పటికే సాగుచున్న జాతీయోద్యమమునకు బలమిచ్చెను. 1930 నాటి ఉప్పుసత్యాగ్రహము మాంద్యము ముదురుచున్న సమయముననే వచ్చుట గమనింపదగినది. హిందూపురము తాలూకాకు చెందిన కల్లూరు సుబ్బారావు గారు సహాయనిరాకరణకాలమునుండి కారాగృహవాస మనుభవించి ఈ ప్రాంతమున కాంగ్రెసునకు నాయకులైరి. 1926 లో అనంతపురమున పప్పూరు రామాచార్యులు గారు స్థాపించిన ‘శ్రీసాధన’ పత్రిక సీమ సమస్యలకు గొంతుక యయ్యెను. 1928 లో నంద్యాలలో జరిగిన సభయందు చిలుకూరి నారాయణరావు గారి సూచనచే ‘దత్తమండలములు’ అను పరాధీనతాచిహ్నమైన పేరు పోయి ‘రాయలసీమ’ అను పేరు వచ్చియుండెను. పేరు వచ్చిన మరుసటి యేటనే వచ్చిన మాంద్యము ఆ పేరునకు ఆర్థికార్థము కల్పించెను.

1935 నాటి భారతప్రభుత్వ శాసనము ఓటుహక్కును విస్తరించెను. దేశమున ఓటర్ల సంఖ్య మూడుకోట్లు దాటెను. ఐనను అది పట్టా, పన్ను, అక్షరజ్ఞానము మొదలగు యోగ్యతలపై నిలిచిన హక్కు. చిన్న పట్టాదారునకు అందు చోటు దొరకెను. భూమియు పన్నును చదువును లేని కూలివానికిని, మజూరీ నేతగానికిని దొరకలేదు. 1937 ఎన్నికలలో చెన్నపురి శాసనసభయందలి 215 స్థానములలో 159 కాంగ్రెసునకు వచ్చెను. జస్టిసుపక్షము ఓడిపోవుటకు కారణములు పెక్కు కలవు. మాంద్యకాలమున అధికారమున నుండి శిస్తుభారమునకు ఉత్తరవాదిగా కనబడుట వానిలో చిన్నది కాదు. 1937 జూలై 14 న రాజగోపాలాచారి గారి మంత్రివర్గ మేర్పడెను.

అదే యేడు నవంబరు 16 న చెన్నపురియందు కాశీనాథుని నాగేశ్వరరావు గారి ‘శ్రీబాగు’ గృహమున కోస్తా నాయకులకును రాయలసీమ నాయకులకును ఒడంబడిక కుదిరెను. కల్లూరు సుబ్బారావు, పప్పూరు రామాచార్యులు గార్లు దానిపై చేవ్రాలు చేసినవారిలో నుండిరి. తుంగభద్ర, కృష్ణ, పెన్న నదీజలముల వినియోగమున పదియేండ్లు సీమకు ప్రాధాన్యము, అనంతపురమున విశ్వవిద్యాలయకేంద్రము, రాజధాని లేక ఉన్నతన్యాయస్థానము అను నవి అందలి ముఖ్యాంశములు. అందు నీటికి దక్కిన స్థానము గమనింపదగినది. ధరల విపత్తు ననుభవించిన సీమ తన కోరికను మఱల వానల విపత్తు భాషలోనే చెప్పుకొనెను. ఆ భాషలో మగ్గమునకు మాట లేకపోయెను.

ఋణవిమోచనము

1936 నాటి ఋణపరిష్కార శాసనము మండలులను కల్పించినను ఋణదాతల సమ్మతి లేనిదే అవి యెక్కువ చేయజాలకుండెను. 1938 లో వచ్చిన చెన్నపురి వ్యవసాయదారుల ఋణవిమోచన శాసనము అట్టిది కాదు. 1932 అక్టోబరు 1 కి ముందు చేసిన అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి నిలిచియున్న వడ్డీ అంతయు రద్దయ్యెను. అసలునకు రెండింతలు అదివఱకే చెల్లించియున్నచో ఋణమే తీఱినట్లు. ఆ తేదికి తరువాతి అప్పులకు వడ్డీ నూటికి 5 చొప్పున లెక్కింపవలెను. ఇకమీద చేయు అప్పులకు నూటికి ఆఱుంబావు మించరాదు. తిరుగవ్రాసిన పత్రముల వెనుకకు పోయి మొదట చేతికి వచ్చిన అసలేదో కోర్టు చూడవలెను. ‘ధర్మశాస్త్రముల ద్వైగుణ్యనియమము’ అని పండితు లెఱిగిన హద్దు ఇట్లు నూతనరూపమున వచ్చెను. పెనుకొండ రైతుల మెడనుండి ఇది నిజముగా బరువు దించినది. ఆ కీర్తి ఆ శాసనమునకు దక్కవలెను.

కాని దాని హద్దులను చూడవలెను. ‘వ్యవసాయదారు’డనగా పురపాలకపరిధికి వెలుపలి సాగుభూమిలో అమ్ముకొనదగిన హక్కు గలవాడు. ఆదాయపు పన్ను కట్టువారు అందు చేరరు. వారిని మినహాయించుట న్యాయమే. కాని ఒకే వీథిలో ఒకే ఆసామికి సమానమైన అప్పుపడిన ఇద్దఱు నేతగాండ్రను తలంపుడు. ఒకనికి ఊరివెలుపల తాతలనాటి మెట్టచెక్క కలదు. అతడు వ్యవసాయదారుడు, అతని వడ్డీ రద్దు. రెండవవానికి మగ్గము మాత్రమే కలదు. అతని అప్పు అట్లే నిలిచెను. ఇద్దఱ మగ్గములను ఆపినది ఒకే మాంద్యము. ఇక పొలమును స్వాధీనభోగ్యమున ఇచ్చివేసిన రైతు సంగతి. అట్టి తనఖాలకు ఈ శాసనము వర్తింపలేదు. 1948 లో సవరణ వచ్చువఱకు వారు వేచియుండవలసెను. అనగా పొలము చేతిలో మిగిలినవానికి వెంటనే మేలు కలిగెను. ముందే పోగొట్టుకొన్నవానికి పది యేండ్ల తరువాత. వేఱు ఆస్తి లేని స్త్రీకి రావలసిన, అసలు 3000 రూపాయలు మించని బాకీలను మినహాయించుట మాత్రము ఈ శాసనకర్తల దయాదృష్టికి నిదర్శనము. చిన్న మొత్తములను వడ్డీకిచ్చి బ్రదుకు వితంతువులను వారు మఱవలేదు. ఇట్టి సూక్ష్మమును చూడగలిగిన కన్ను మగ్గమును చూడకపోవుట అందుచే మఱింత స్ఫుటముగా తోచును.

ఉపసంహారము

మాంద్యము శాసనముచే పోలేదు. 1939 లో వచ్చిన యుద్ధముచే పోయెను. ధరలు పెరిగెను. 1946 నాటి నారాయణస్వామినాయుడు గారి నివేదిక ప్రకారము రాజధానిలోని గ్రామఋణము 1939 లో 272 కోట్లుండగా 1945 నాటికి 218 కోట్లకు తగ్గెను. ఆ మొత్తము లోపల నున్న భేదము మఱింత బోధకమైనది. అమ్మకమునకు పంట మిగిలిన పెద్ద, మధ్యతరగతి భూస్వాముల అప్పు తగ్గెను. కౌలుదారుల, కూలీల అప్పు పెరిగెను. చౌకకాలమున శాసనము ఎవరిని చూచెనో, ప్రియకాలమున విపణియు వారినే చూచెను.

ధాతకఱవు జనుల జ్ఞాపకమున పేరుతో నిలిచినది. దాని తరువాత క్షామనిబంధనలు వచ్చినవి. 1929 నాటి కఱవునకు జనులు పేరు పెట్టలేదు. దాని గుఱుతులు ప్రోనోట్లలోను, వేలపు ప్రకటనలలోను, కంసాలి లెక్కలలోను చెదరియున్నవి. పేరు లేని కఱవునకు నిబంధన లేదు. ఓటు లేని వృత్తికి విమోచనము లేదు. ఆ దశకపు చరిత్రను వ్రాయువారు పెనుకొండ పట్టాదారుని అర్జీతో ఆగక, అర్జీ వ్రాయుటకు అర్హత లేక ధర్మవరమున ఆగిపోయిన మగ్గమువఱకును పోయినప్పుడే ఆ చరిత్ర పూర్ణమగును.